మెత్తని కమాన్ల కోసం చిత్తూరు మీదుగా తిరుపతికి

ఎనభైల మొదట్లో ఒక వేసవి. అప్పుడు నేను మదనపల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. నా భార్య కస్తూరి తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బడికి సెలవులివ్వగానే నేనూ అక్కడికే చేరాను. కార్వేటినగరం దాటాక తారురోడ్డు వదిలి, కొండవైపు రెండు మైళ్లు పైకి పోతే మా అత్తగారి పల్లె వస్తుంది. ఆ రెండు మైళ్లనూ దారి అనడం ఊరివాళ్ల మర్యాద. వానాకాలంలో అది వంక, ఎండాకాలంలో రాళ్లకుప్ప. దాని మీద తిరగగలిగిన మోటారు బండి ఊళ్లో ఒకటే ఉండేది. అది మా బావ మునిరత్నం జీపు.

మునిరత్నం కస్తూరికి అన్న. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అంటాడు. మిలిటరీవాళ్లు వదిలించుకున్న జీపును వేలంలో కొనుక్కొచ్చి, తోపులోని మామిడికాయలు దానిమీదే కిందికి దించేవాడు. దాని ముందు ఎడమ కమాన్ కట్టలో రెండు పట్టీలు విరిగి చాలాకాలమైంది. చక్రానికీ బండికీ మధ్య విల్లులా వంగి, గతుకుల దెబ్బను తాను తినే ఉక్కు పట్టీల కట్టనే మావైపు కమాన్ కట్ట అంటారు. అది విరగడంతో జీపు ఎప్పుడూ ఎడమవైపుకు ఒరిగి, ఎవరో చెప్పే రహస్యం వింటున్నట్టు నిలబడేది.

పుత్తూరులో డాక్టరమ్మ కస్తూరిని పరీక్ష చేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి జీపును చూసింది. చాలాసేపు చూసింది.

"ఇందులోనా తెచ్చారు?"

"ఇదే ఉండేదమ్మా" అన్నాడు బావ.

"ఇంకోసారి ఇందులో తెస్తే నా అవసరం ఉండదు. దోవలోనే అయిపోతుంది. ఇంకా మూడు వారాలుంది. వారం ముందే ఏదైనా మెత్తని బండిలో తెచ్చి ఇక్కడ చేర్చండి."

మెత్తని బండి అన్న మాట ఆ రోజు నుంచి ఇంట్లో తిరగడం మొదలెట్టింది. జీపుకు కొత్త కమాన్లు వేయించాలనే దగ్గర అందరం ఒకటే. ఎలాంటివి వేయించాలనే దగ్గరే నేనూ బావా విడిపోయాం.

"మెత్తటివి ఏస్తే కాయలెక్కించినాక జీపు కడుపు రాళ్లకు ఆన్తాది బావా" అన్నాడతను. "దామలచెరువు యాపారస్తునికి వచ్చే వారం కాయ దించుతానని మాటిచ్చినా. గట్టివే ఎయ్యాల."

"గట్టివి వేస్తే డాక్టరమ్మ చెప్పిందే జరుగుతుంది" అన్నాను.

గడపలో కూర్చుని చింతపండు ఒలుస్తున్న కస్తూరి తలెత్తకుండానే అంది. "నన్నూ కాయల్నీ ఒకే తట్టలో ఎయ్యబాకండి."

పాత కట్టను మచ్చుకు తీసుకెళ్లకపోతే కొలత కుదరదని దాన్ని విప్పాం. జీపును రాళ్ల మీద నిలబెట్టాం. మేం బయల్దేరేది శుక్రవారం. శుక్రవారంపూట ఇంట్లోంచి ఇనుము బయటికి పోకూడదని మా అత్తగారు అడ్డం నిలబడింది. బస్సుకు టైమవుతోందని బావ గొణిగాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కట్టను పసుపుగుడ్డలో చుట్టించి, మూడుచోట్ల కుంకుమ పెట్టి, "ఇప్పుడిది ఇనుము కాదు, తీసకపోండి" అంది.

ఆ పసుపుగుడ్డే ప్రయాణమంతా మాకంటే ముందు నడిచింది.

తెల్లారేలోపే తారురోడ్డు మీదికి దిగాం. కట్టను కర్రకు వేలాడదీసి ముందొకరం వెనకొకరం మోశాం. పుత్తూరు నుంచి చిత్తూరు వెళ్లే మొదటి బస్సు ఆరుంబావుకు వచ్చింది. ఆ బస్సెక్కాలనుకునేవాళ్లు కుడివైపు సీటు పట్టుకోవడం మంచిది, ఎండ తగలదు. మేం ఎక్కింది కట్టతో కాబట్టి మాకు సీటే దొరకలేదు. ఎస్సార్ పురం దగ్గర పాలక్యాన్లు ఎక్కాయి, గంగాధర నెల్లూరు దగ్గర కోళ్లు ఎక్కాయి. తొమ్మిది కాకముందే చిత్తూరు బస్టాండులో దిగాం. రెండేసి ఇడ్లీలు తిని, మోటారు సామాన్ల అంగళ్లుండే వీధికి నడిచాం.

అంగడాయన పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. కొత్త కమాన్ కట్టలు నల్లరంగు పూసుకుని గోడ వారన వరసగా నిలబడి ఉన్నాయి. మా కట్టను గుడ్డ కొంచెం తొలగించి చూసి, మళ్లీ కప్పేశాడు.

"ముందొకటి చెప్పండప్పా. బండెక్కేది మనుషులా, సరుకా?"

"మనుషులు" అన్నాను నేను.

"సరుకు" అన్నాడు బావ, అదే క్షణాన.

నేను కస్తూరి కాన్పు సంగతి, బావ కాయల సంగతి చెప్పాం. ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. "అది ఇంట్లో తేల్చుకోని రావాల్సింది" అన్నాడు. తర్వాత ఒక కొత్త కట్ట మీద చెయ్యేసి, "ఈ కొత్తవి ఏడాదిపాటు బండరాయే. నాలుగు నడుములు ఇరగ్గొట్టినాకే మెత్తబడతాయి. కాన్పు మనిషికంటే వద్దు. తిరపతిలో రేణిగుంట దోవన పాత మిలిటరీ సామాన్ల యార్డు ఒకటుండాది. ఆడ అరిగి మెత్తబడినవి దొరకతాయి. ఎడంది మార్చి కుడిది వదిలేస్తే మళ్లీ ఒరగతాది. జతగా తీసుకోండి" అన్నాడు.

అమ్మకుండా సలహా ఇచ్చి పంపిన అంగడాయన్ని నేను చూడటం అదే మొదలు. బావకు మాత్రం ఆ కొత్త కట్టల మీద నుంచి మనసు మళ్లలేదు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచాడు.

మధ్యాహ్నం భోజనానికి కోర్టు పక్క మెస్సుకు వెళ్లాం. అరిటాకు భోజనం, రెండు కూరలు, గోంగూర పచ్చడి, పలచని మజ్జిగ. ఆకలితో వెళ్లండి, వడ్డించేవాడు అడగడు, పోస్తూనే ఉంటాడు. కట్టను బల్ల కింద పెట్టాం. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి, వాయిదాకు వచ్చినవాడు, వంగి దాన్ని చూశాడు. పసుపుగుడ్డ, కుంకుమ మరకలు, పొడుగాటి ఇనుము. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"సాచ్చికమా?" అన్నాడు మెల్లగా.

"ఏం సాక్ష్యం?"

"కేసులో పెట్టేది. ఎవురు, దాయాదులేనా, మీ పంగాళోళ్లేనా? దేంతో కొట్టినారో దాన్నే తెచ్చినారే!"

బావ కోపంగా, "ఇది మా జీపుది. ఇరిగిపోతే తెచ్చినాం" అన్నాడు.

"ఇరిగిపొయ్యేంత కొట్టినారా!" అని ఆయన ఆకు ఎత్తుకుని పక్క బల్లకు మారిపోయాడు. మేం భోజనం ముగించేలోపు మెస్సులో సగం మంది మాకేసి చూడటం, మేం చూస్తే చారులోకి చూసుకోవడం మొదలైంది. డబ్బు పుచ్చుకునే ఆయన మాకు వక్కపొడి ఇచ్చేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డాడు.

తిరుపతి బస్సు ఒకటిన్నరకు. ఈసారి సీట్లు దొరికాయి. కండక్టరు కట్టను చూసి, "ఏందిది? పైనెయ్యి, లగేజీ" అన్నాడు. మోసి మోసి బావ భుజం అప్పటికే వాచింది. పైకెక్కించే ఓపిక లేక, నోటికొచ్చింది అనేశాడు. "స్వామిదబ్బా."

కండక్టరు పసుపుగుడ్డను మళ్లీ చూశాడు. చెప్పు కాలితో తన్నబోయినవాడు కాలు వెనక్కి తీసుకుని, కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు. అంతటితో అయిపోయుంటే బాగుండేది. కానీ మా ముందు సీట్లో గుడియాత్తం నుంచి వస్తున్న ఒక కుటుంబం ఉంది. కొడుకు, కోడలు, వాళ్ల పెద్దామె రాజమ్మ. లావుపాటి మనిషి, చెవులకు పెద్ద కమ్మలు. అరవదేశంలో ఉండే తెలుగువాళ్లు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది.

"ఏం మొక్కు అబ్బయ్యా?"

బావ నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"చెల్లెలు కాన్పు సుకంగా కావాలని" అన్నాడు బావ. అబద్ధంలో నిజం అంత తేలిగ్గా దొరుకుతుందని నేననుకోలేదు.

"లోపల ఏముండాది?"

"ఇనుము."

"బెల్లం తూకమేస్తారు, బియ్యం తూకమేస్తారు. ఇనుమా?"

బావ పసుపుగుడ్డ ముడి సర్దుతూ కూర్చున్నాడు. పక్క సీటు ముసలాయన ఆదుకున్నాడు. "స్వామికి బంగారం ఉండాది, వెండి ఉండాది. ఇనుమెవురిస్తారు? ఈయప్పకు బుద్ధి బాగా పుట్టినాది."

రాజమ్మకు అది సబబుగానే తోచింది. కోడలి జడలోంచి జానెడు మల్లెపూలు తుంచి కట్ట మీద పెట్టి దండం పెట్టుకుంది. కోడలు కూడా పెట్టుకుంది. చంద్రగిరి వచ్చేసరికి ముందు సీట్ల నుంచి రెండు తులసి దళాలు, ఒక నిమ్మకాయ వచ్చి చేరాయి. జలుబుతో ఏడుస్తున్న ఒక పసివాడి నుదుటిని తల్లి తెచ్చి మా కమాన్ కట్టకు ఆనించింది. వాడు ఏడుపు మానాడు. నేను బడిలో పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించేవాణ్ణి. వాడు ఏడుపు మానడం మాత్రం నా కళ్లతో చూశాను.

నాలుగున్నరకు తిరుపతిలో దిగాం. యార్డు సాయంత్రాలు ఉండదని తెలిసి, స్టేషను దగ్గర ఒక సత్రంలో దిగాం. సత్రం ఆయన పూలు పెట్టిన కట్టను చూసి, మాకు చాప వరండాలో చూపించి, కట్టను మాత్రం దేవుడి గదిలో పెట్టించాడు. రాజమ్మ కుటుంబం కూడా అక్కడే దిగింది.

మర్నాడు శనివారం. పొద్దున్నే స్నానాలు చేసి, కట్ట ఎత్తుకుని రేణిగుంట దారి పట్టాం. పది అడుగులు వేశామో లేదో వెనక నుంచి కేక వినిపించింది.

"అబ్బయ్యా! కొండకు దోవ అటు కదా!"

రాజమ్మ సత్రం మెట్ల మీద ఉంది. బావ అక్కడే కట్ట దించేశాడు. నేను వెనక్కి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. జీపు, డాక్టరమ్మ, శుక్రవారం, పసుపుగుడ్డ, బావ వాచిన భుజం. ఆమె మొత్తం విన్నది. తర్వాత దిగివచ్చి, "పూలు ఇటియ్యి" అని కట్ట మీదున్న మల్లెపూలు తీసేసుకుంది. బావ తలొంచుకుని నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి అంత చిన్నగా అవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్నో నెల?" అని అడిగిందామె.

"తొమ్మిది" అన్నాను.

"తొలి కాన్పా?"

"అవునమ్మా."

ఆమె కొడుకువైపు తిరిగి, "కొండ మీద స్వామి యాడికీ పోడు. పద" అంది. మేం నలుగురం, ఆమె కోడలు వెనకాల, యార్డుకు నడిచాం.

యార్డు యజమాని వరదాచార్యులు గారు. నుదుటిన నామం, భుజాన పట్టు ఉత్తరీయం, చుట్టూ తుప్పు పట్టిన మిలిటరీ బండ్ల ఎముకలు. పొద్దున గుళ్లో సేవ ముగించుకుని వచ్చి గేటు తీస్తారట. "శనివారం ఇనుము కొంటే దోషం. అమ్మితే మాకేం లేదు. ఆలోచించుకుని లోపలికి రండి" అని ముందే చెప్పారు. మేం అప్పటికే లోపలికి వచ్చేశాం.

ఆయన పద్ధతి ఆయనది. పొడుగాటి పలకకు అడుగున ఒక జత కమాన్ కట్టలు బిగిస్తారు. కొనేవాడు పలక మీద కూర్చోవాలి. చేతికి నిండు గ్లాసు కాఫీ ఇస్తారు. ఇద్దరు పనివాళ్లు పలకను ఒకవైపు ఎత్తి రాయి మీద వదులుతారు. కాఫీ తొణకని జతే మంచి జత.

బావ తనకు నచ్చిన గట్టి జతనే ముందు బిగించమన్నాడు. కూర్చుని గ్లాసు అందుకున్నాడు. పలక అంగుళం కూడా దిగలేదు.

"సూసినావా బావా! చుక్క తొణకలా!"

"ఇంకా వదల్లేదు స్వామీ" అన్నారు వరదాచార్యులు. పనివాళ్లు పలకను వదిలారు. కాఫీ గ్లాసులోంచి లేచి బావ చొక్కా మీదికి, మీసాల మీదికి వెళ్లింది. గ్లాసు మాత్రం చేతిలోనే ఉంది.

రెండో జత మీద నేను కూర్చున్నాను. నా బరువుకు అది ఊగుతూనే ఉండిపోయింది. నాకు కళ్లు తిరిగాయి. మా సంగతంతా విన్న వరదాచార్యులు, మీ చెల్లెలు ఎంత బరువుంటుందని బావను అడిగారు. మా ఇద్దరికీ తెలియదు. నేను సన్నమంటే, బావ చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన అంచనాలో ఏదో చెప్పాడు.

"మీరిద్దరూ లెయ్యండి" అంది రాజమ్మ. "ఏడుగుర్ని కన్నా. నన్ను కూచోనీండి."

ఆమె కూర్చుంది. పలక మూలిగింది. కాఫీ వద్దు పొమ్మంది. ఒక జత గాడిదంది. ఇంకొకటి కొత్త కోడలి మాదిరి ఊరికే ఉలిక్కిపడుతోందంది. వరదాచార్యులు లోపలి నుంచి ఒక పాత జత తెప్పించి బిగించారు. ఆకుపచ్చ రంగు అక్కడక్కడా మిగిలి, పట్టీల అంచులు అరిగి ఉన్నాయి. పనివాళ్లు ఎత్తారు, వదిలారు. పలక నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచింది. మళ్లీ ఎత్తారు. రాజమ్మ ఏమీ అనలేదు. మరోసారి వదిలారు. అప్పటికీ ఏమీ అనలేదు.

నేను వంగి చూశాను. ఆమె కళ్లు మూతలు పడ్డాయి. తల ఒకవైపు వాలింది. సన్నగా గురక వస్తోంది.

"గుడియాత్తంలో బస్సెక్కినప్పటి నుంచి రెప్ప వెయ్యలేదండీ" అన్నాడు కొడుకు గుసగుసగా. "లేపితే అరుస్తాది."

ఎవరూ లేపలేదు. వరదాచార్యులు సైగ చేసి పనివాళ్లను ఆపమన్నారు, వాళ్లు ఆపగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ ఎత్తి వదలమన్నారు. దాంతో ఆ ఇద్దరూ ఎండలో చెమటలు కక్కుతూ పలకను రాయి మీద పడేస్తూనే ఉన్నారు. మా బేరం మొత్తం గుసగుసల్లోనే జరిగింది. మా జగడం కూడా.

"ఇవే తీసుకుందాం బావా" అన్నాను అతని చెవిలో.

"కాయలు?" అన్నాడు నా చెవిలో.

నేను పలకవైపు చెయ్యి చూపించాను. బావ నిద్రపోతున్న ముసలామెనే చూస్తూ నిలబడ్డాడు. మీసం మీద కాఫీ ఎండి ఉంది.

"నేను పుట్టకముందు మాయమ్మకు ఒక బిడ్డ పొయినాది" అన్నాడు. "ఆ దోవలోనే. ఎడ్లబండి ఎగిరి పడి. అమ్మ ఎప్పుడూ చెప్పదు, నాయన చెప్పినాడు." తర్వాత వరదాచార్యుల వైపు తిరిగి, గుసగుస మరిచిపోయి మామూలు గొంతుతోనే అన్నాడు. "ఇవే కట్టండి సామీ. కాయలకు ఎడ్లబండ్లు మాట్లాడుకుంటా. యాపారస్తునికి నేను చెప్పుకుంటాలే."

ఆ గొంతుకు రాజమ్మ లేచింది. "నేను నిద్రపోలేదే" అంది. "కండ్లు మూసుకోని సూస్తా ఉండా." ఎవరూ కాదనలేదు. కొంగులో దాచిన మల్లెపూలు తీసి రెండు కట్టల మీదా సగం సగం పెట్టింది. "ఇప్పుడు మొక్కు నిజమైంది. పోండి" అంది. కొడుకూ కోడలితో కొండ దారి పట్టింది.

పాత కట్టను యార్డులోనే వదిలేసి, మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాం. రేణిగుంటలో ఇంజను ఎటువైపు తగిలించాలో తేల్చుకున్నంతసేపు ఆగింది. సీట్ల కింద రెండు కట్టలు, పైన మేము. పొట్లాలు కట్టిన పులిహోర తిన్నాం. స్టేషనులో కొనేవాళ్లు వేడిగా ఉన్నదే అడిగి తీసుకోండి. బావ దారంతా నిద్రపోయాడు.

పుత్తూరులో దిగి కట్టలు భుజాలకెత్తుకుంటుంటే, స్టేషను బయట సోడాలమ్మే అతను బావను గుర్తుపట్టాడు.

"మునిరత్నమన్నా, నువ్వీడుండావా? నీ చెల్లెలు ఆస్పత్రిలో ఉండాది! తెల్లారి తెచ్చినారు!"

మేం పరుగెత్తాం. కట్టలు దించాలని ఇద్దరికీ తట్టలేదు. భుజాన ఉక్కు, ఉక్కు మీద మల్లెపూలు, ఆస్పత్రి గేటు దాటి, వరండా దాటి, నర్సు అడ్డుపడేదాకా పరుగెత్తాం.

"ఆడపిల్ల" అంది నర్సు. "ఇద్దరూ బాగుండారు. ఆ ఇనుము బయట పెట్టండి."

కస్తూరి గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. పక్కన ఎర్రటి ముద్దలా పాప. మంచం పట్టీ మీద అత్తగారు కూర్చుని ఉంది. రాత్రి నొప్పులు మొదలయ్యాయట. జీపు చూస్తే రాళ్ల మీదుంది. పక్క తోపు కాయల కోసం వచ్చిన ఎడ్లబండిలో వరిగడ్డి పరిచి ఎక్కించారట. అత్తగారు చక్రం పక్కనే నడుస్తూ, పెద్ద రాయి వచ్చిన ప్రతిచోటా ఎడ్లను తానే ఆపిందట. ఆమె అరచేతులు పగ్గాల రాపిడికి కందిపోయి ఉన్నాయి. బావ ఆ చేతులు పట్టుకుని పక్కన చతికిలబడ్డాడు.

"చాలా కుదిపిందా?" అని అడిగాను కస్తూరిని.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. "నొప్పులొచ్చిన మనిషికి దోవ మెత్తనో గట్టినో యాడ తెలస్తాది?" అంది. పాప మీద గుడ్డ సర్ది, "మీరు యాడ పొయింటిరి?" అంది.

"మెత్తటి కమాన్లకు" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టి మొహం ముడుచుకుంది, అయినా ఆపుకోలేకపోయింది. నర్సు వచ్చి మమ్మల్ని ఇద్దర్నీ బయటికి పంపించింది.

పాపకు పాత మెత్తటి చీరలు కావాలని, తెమ్మని అత్తగారు మమ్మల్ని పల్లెకు తరిమింది. పొద్దు వాలేవేళకు కార్వేటినగరం దాటాక బస్సు దిగి, చెరొక కట్ట భుజాన వేసుకుని పైకి నడక మొదలెట్టాం. ఆ దారిని నేను అప్పటిదాకా జీపులోంచో, ముందురోజు చీకట్లో దిగుతూనో చూశానంతే. బరువు మోస్తూ నడిస్తే ఒక్కొక్క రాయీ విడిగా తెలిసింది.

మొదటి మలుపు దగ్గర బావ ఆగి కట్ట కింద పెట్టాడు. అలసిపోయాడనుకున్నాను. దారి మధ్యలో పొడుచుకొచ్చిన రాయిని రెండు చేతులతో ఊపి, పెళ్లగించి, పక్క పొదల్లోకి దొర్లించాడు. చేతులు దులుపుకుని కట్ట ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ దించాడు.

"ఏంటి బావా?" అన్నాను.

"పదైదు దినాలకు పాప వచ్చేది ఈ దోవనే గదా" అన్నాడు. "ఇన్ని కమాన్లు ఇరగ్గొట్టుకున్నాం. ముందే ఈ రాళ్లు తీసింటే సరిపొయ్యేది."

నేనూ నా కట్ట దించాను. మదనపల్లె నుంచి తిరుపతి దాకా ఎందరో ఎన్నోసార్లు తిరుగుతారు. ఎక్కడ తినాలో, ఏ బస్సు ఎప్పుడో నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. నా మటుకు ఆ ప్రయాణంలో నేను నిజంగా చూసిన దారి ఆ రెండు మైళ్లే. పిడికెడంత రాళ్లను బావ కాలితో తన్నుతుంటే, తలకాయంతవి ఇద్దరం కలిసి దొర్లించాం. మా కోసం ఎదురొచ్చిన ఊరివాళ్లు ఆడపిల్లేనా, తల్లి బాగుందా అని అడిగి, మేం చేసే పని చూసి కాసేపు నిలబడ్డారు. తర్వాత వాళ్లూ పంచెలు ఎగ్గట్టి రాళ్ల మీదికి వంగారు.